ఐఫోన్ 'చెక్ ఇన్' రివ్యూ: ఒంటరిగా బయటికి వెళ్లడం నేర్చుకుంటున్న ఆటిజం పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఆటిజం ఉన్న పిల్లలు టీనేజీలోకొచ్చి ఒక్కళ్లే బయటికి వెళ్లడం మొదలుపెట్టగానే చాలా ఇళ్లలో జరిగేది రెండింట్లో ఒకటి. ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఎప్పటికీ ఆన్‌లో ఉండేలా పెట్టేసి, పిల్లలు తిరిగొచ్చేదాకా అమ్మో నాన్నో మ్యాప్ మీద చుక్కనే చూస్తూ కూర్చుంటారు. లేదంటే పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తారు. మొదటిదాంట్లో పిల్లలు చేసే పనంటూ ఏమీ ఉండదు, కాబట్టి నేర్చుకునేదీ ఉండదు. రెండోది ఇంకా కష్టం. హారన్ల మధ్య దారి గుర్తుపెట్టుకుంటూ నడిచేవాళ్లకు మోగే ప్రతి ఫోనూ ఇంకో బరువు.

ఈ రెండింటికీ మధ్య దారి ఐఫోన్ మెసేజెస్ యాప్‌లోనే ఉన్న చెక్ ఇన్. 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో వచ్చింది. ఆటిజం కోసం చేసింది కాదు, రాత్రిపూట ఇంటికెళ్లేవాళ్లు ఎవరైనా వాడుకోవచ్చు. మేము దీన్ని చూసింది ఒకే ఒక్క కోణంలో: ఎదిగే పిల్లల చేయి కొద్దికొద్దిగా వదలాల్సిన ఇంట్లో ఇది ఏ పని చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది.

ముందుగా ఒక హద్దు. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్లు దాటాక 49 శాతం మంది ఆటిజం పిల్లలు కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోబోయారని తల్లిదండ్రులు చెప్పారు. తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టింది కాదు. కానీ చెప్పకుండా వెళ్లిపోవడం వేరు, చెప్పి, అనుకున్న చోటికి వెళ్లడం వేరు. చెక్ ఇన్ ఈ రెండోదానికే. దాన్ని మొదలుపెట్టాల్సింది పిల్లలే కాబట్టి, చెప్పకుండా వెళ్లిపోయే అలవాటు ఇంకా ఉన్నవాళ్లకు ఇది రక్షణ కాదు.

పనిచేసే తీరు ఇది. పిల్లలు బయలుదేరే ముందు అమ్మతోనో నాన్నతోనో ఉన్న చాట్ తెరిచి చెక్ ఇన్ పంపుతారు. ఎక్కడికి వెళ్తున్నారో, సుమారు ఎన్నింటికి చేరతారో ఇటువైపు కనిపిస్తుంది. చేరగానే ఫోనే ఆ మాట పంపి, తనంతట తాను ఆగిపోతుంది. మధ్యలో పిల్లలు ఏ వీధిలో ఉన్నారో ఇంట్లోవాళ్లకు కనబడదు. ప్రయాణం ముందుకు సాగకపోతే ఫోన్ ముందు పిల్లలనే అడుగుతుంది. 15 నిమిషాల్లో జవాబు రాకపోతే అప్పుడు అవతలివాళ్లకు అలర్ట్ వెళ్తుంది, దాంతోపాటే వివరాలూ తెరుచుకుంటాయి. మాకు దీంట్లో బాగా నచ్చింది ఈ వరస. ఏదైనా తేడా వస్తే మొదటి ప్రశ్న పిల్లలకు, ఆ తర్వాతే పెద్దవాళ్లకు.

కావలసినవి: ఇద్దరి దగ్గరా ఐఫోన్, రెండింట్లోనూ ఐఓఎస్ 17 లేదా ఆ తర్వాతిది, ఐమెసేజ్ (ఆపిల్ సొంత మెసేజ్ సేవ), లొకేషన్ సర్వీసెస్, మొబైల్ డేటా. ఒకరిది ఐఫోన్, ఒకరిది ఆండ్రాయిడ్ అయితే కుదరదు. చాలా ఇళ్లలో కథ ఇక్కడే ఆగిపోతుంది. వాళ్లకు పనికొచ్చేవాటి గురించి కింద చెప్పాం.

ఇప్పుడు అసలు కష్టం. పెద్దవాళ్ల చేతికి అర నిమిషం పని ఇది. విడగొట్టి చూస్తే తొమ్మిది మెట్లు: మెసేజెస్ తెరవడం, అమ్మ చాట్‌లోకి వెళ్లడం, ప్లస్ గుర్తు నొక్కడం, జాబితాలో చెక్ ఇన్ వెతకడం, ఎడిట్ నొక్కడం, 'వెన్ ఐ అరైవ్' ఎంచుకుని చోటు పెట్టడం, నడకా బస్సా కారా చెప్పడం, డన్ కొట్టడం, చివరగా పంపే బాణం నొక్కడం. ఎక్కువమంది జారేది చివరి మెట్టు మీదే. డన్ కొట్టగానే చెక్ ఇన్ పెట్టె మెసేజ్ టైప్ చేసే చోట కనిపిస్తుంది, చూడ్డానికి పని పూర్తయినట్టే ఉంటుంది. నిజానికి అది ఇంకా వెళ్లలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బయలుదేరతారు. ఇంట్లోవాళ్లు మర్చిపోయారనుకుంటారు, పిల్లలేమో పంపేశామనే అనుకుంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు.

అందుకే వెనకనుంచి నేర్పాలి. మొదటి కొన్నిసార్లు ఎనిమిది మెట్లూ మీరే చేసి ఫోన్ చేతికివ్వండి, బాణం మాత్రం వాళ్లు నొక్కాలి. అది తడుముకోకుండా వచ్చాక డన్ కూడా వాళ్లకే వదలండి, తర్వాత ప్రయాణం ఎలాగో ఎంచుకోవడం. ఇలా ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లండి. ముందునుంచి నేర్పితే ప్రతిసారీ చివర్లో పని పూర్తిచేసేది మీరే అవుతారు, మీరు పక్కన లేనిరోజు ఆ చివరి మెట్టే ఎగిరిపోతుంది. వెనకనుంచి నేర్పితే ప్రతి సాధనా మెసేజ్ వెళ్లిన శబ్దంతో, వాళ్ల వేలి కింద ముగుస్తుంది. నోటితో 'ఇప్పుడు అది నొక్కు' అని చెప్పకండి. మాట మీద ఆధారపడటం అలవాటైతే మాట లేనిచోట చేయి కదలదు. తొమ్మిది స్క్రీన్‌షాట్లు తీసి, నొక్కాల్సిన చోట ఎర్ర గుండ్రం గీసి, ఫొటోల్లో ఒక ఆల్బమ్‌గా పెట్టండి. తట్టకపోతే మాట్లాడకుండా ఆ ఆల్బమ్ చూపించండి. ఐఓఎస్ అప్‌డేట్ అయ్యాక మెనూ అటూ ఇటూ మారే అవకాశం ఉంది కాబట్టి, అప్‌డేట్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్లు సరిచూడాలి. ఒక్క గుర్తు చోటు మారినా మొత్తం వరస తప్పే పిల్లలున్నారు.

చోటు వెతికే మెట్టు బరువుగా ఉంటే 'ఆఫ్టర్ ఎ టైమర్' అనే రెండో పద్ధతితో మొదలుపెట్టండి. దాంట్లో చోటు వెతకక్కర్లేదు, ఎంతసేపో పెడితే చాలు. దానికి ఇంకో లాభం ఉంది, ఎవరూ అంతగా పట్టించుకోనిది. చేరే పద్ధతిలో ప్రయాణం సాఫీగా సాగితే ఫోన్ పిల్లలను ఏమీ అడగదు, దాంతో జవాబు చెప్పే సాధన జరగనే జరగదు. టైమర్ పద్ధతిలో సమయం అయిపోగానే ప్రతిసారీ అడుగుతుంది: ముగించాలా, ఇంకొంత సమయం కావాలా అని. కాబట్టి ఇంట్లో సోఫాలో కూర్చునే చిన్న టైమర్లు పెట్టి ఆ ప్రశ్నను పదేపదే రానివ్వండి. ఒకసారి కావాలనే జవాబివ్వకుండా వదిలేసి, ఆ 15 నిమిషాలూ ఆగి, అలర్ట్ వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లో ఏం కనిపిస్తుందో పిల్లలకు చూపించండి. ఈ పరీక్ష చేయకుండా మొదటి ప్రయాణానికి పంపొద్దని మా గట్టి మాట.

ఆ ప్రశ్న దగ్గరే మూడు రకాల తప్పులు జరుగుతాయి.

మొదటిది, ప్రశ్న అందకపోవడం. శబ్దం పడని పిల్లలు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటారు, చెవులకు నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఉంటాయి, ఫోన్ బ్యాగు అడుగున ఉంటుంది. ప్యాంటు ముందు జేబు, వైబ్రేషన్ ఆన్: ఈ రెండూ నియమంగా ఉండాలి. వైబ్రేషన్ కూడా పడనివాళ్లకు చేతి వాచీ నయం. ఆపిల్ వాచ్ మణికట్టు మీద మెల్లగా తడుతుంది, జేబులో ఫోన్ గర్రుమన్నంత చికాకు ఉండదు. అయితే వాచీ పట్టీ చర్మానికి గిట్టేలా చూడటం ఇంకో పెద్ద పని, దాన్ని మొదటి ప్రయాణం రోజున పెట్టుకోకండి.

రెండోది, ప్రశ్నను తిట్టుగా తీసుకోవడం. మాటను ఉన్నదున్నట్టు తీసుకునే పిల్లలకు 'ఆలస్యమైందా' అనే ధోరణిలో ఏది కనిపించినా 'నేను తప్పు చేశాను' అనే వినిపిస్తుంది. బస్సు ఆలస్యమైతే వాళ్ల తప్పేముంది? కానీ ఆ విడదీసి చూడటం గాభరాలో కుదరదు. ముందే కాగితం మీద రాసి, ఫోన్ కవరు వెనక పెట్టండి: 'ఫోన్ అడిగితే నేను తప్పు చేసినట్టు కాదు. ఇంకా చేరలేదా? సమయం పెంచు, 30 నిమిషాలు. చేరిపోయానా? ముగించు.' ఇంతకంటే ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయొద్దు. సమయం 15, 30, 60 నిమిషాలు పెంచుకోవచ్చు. ఎంత పెంచాలో ఆలోచించే భారం వాళ్ల మీద వేయకుండా ఎప్పుడూ 30 అని స్థిరం చేస్తే మేలు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. స్క్రీన్ మీద వచ్చిన పెట్టె చిరాకుపెడితే అది పోవడానికి ఏది కనిపిస్తే అది నొక్కడం. 'ముగించు' నొక్కితే పెట్టె పోతుంది, దాంతోపాటు కాపలా కూడా పోతుంది. ఇటువైపు చెక్ ఇన్ ముగిసిందని తెలుస్తుంది, కానీ పిల్లలు చేరి ముగించారో, విసిగి ముగించారో తెలియదు. కాబట్టి ముగింపు వచ్చిన ప్రతిసారీ అది అనుకున్న సమయానికి వచ్చిందా అని చూడాలి. అనుమానంగా ఉంటే ఒక ఫొటో అడగడం మాటల కన్నా తేలిక: 'గేటు ఫొటో పంపు.'

15 నిమిషాల గడువు గురించి కూడా చెప్పాలి. బయటినుంచి చూస్తే ఎక్కువ అనిపిస్తుంది. శబ్దాలూ జనమూ మీదపడి మూసుకుపోయిన పిల్లలకు ఒక ప్రశ్న అర్థమై, వేలు కదలడానికి ఆ మాత్రం పడుతుంది. గూగుల్ పర్సనల్ సేఫ్టీ యాప్‌లో సేఫ్టీ చెక్ అనే ఇలాంటి సదుపాయమే ఉంది. సమయం ముగిశాక అందులో జవాబుకు 60 సెకన్లే దొరుకుతాయి. ఆపదలో వేగం మంచిదే, కానీ జవాబుకు సమయం పట్టే పిల్లల విషయంలో ఆ వేగం ఉత్తుత్తి అలర్ట్‌లుగా మారుతుంది. నాలుగుసార్లు ఉత్తిదే అయ్యాక ఐదోసారి ఇంట్లోవాళ్లు లేచి పరిగెత్తరు. ఈ ఒక్క విషయంలో చెక్ ఇన్ మన పిల్లలకు బాగా సరిపోయింది, వాళ్లను మనసులో పెట్టుకుని చేయకపోయినా.

అలర్ట్ వచ్చాక పెద్దవాళ్లు ఏం చేయాలన్నది యాప్ నేర్పదు. ఫోన్ బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ పోయినా జవాబు రాదు కాబట్టి అలర్ట్ అంటే ఆపద అని కాదు. ముందు బ్యాటరీ, సిగ్నల్ ఎంతున్నాయో చూడండి. తర్వాత చోటు చూడండి. ఆ తర్వాత ఫోన్ చేయకుండా ఒకే ఒక్క మెసేజ్ పంపండి. 'ఎక్కడున్నావు? ఏమైంది? ఎందుకు చెప్పలేదు?' అని మూడు ప్రశ్నలు ఒకేసారి పంపితే మూడింటికీ జవాబు రాదు. ఇలా పంపండి: '1 బస్సు ఆలస్యం. 2 దారి తప్పాను. 3 మాట్లాడలేను, రండి. నంబరు పంపు చాలు.' నోట మాట పడిపోయినప్పుడు కూడా ఒక అంకె నొక్కడం చాలామందికి సాధ్యమే. ఈ మెసేజ్‌ను ఫోన్ కీబోర్డ్ సెట్టింగుల్లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌గా దాచుకుంటే రెండక్షరాలతో వచ్చేస్తుంది, మీ చేతులు వణుకుతున్నా తప్పు పోదు. 2 లేదా 3 వస్తే తర్వాతి మాట ఎప్పుడూ ఒకటే ఉండాలి: 'అక్కడే ఆగు, నేను వస్తున్నాను.' వెళ్తున్న దారిలో ఆగదగ్గ చోట్లు ఏవో ముందే కలిసి నడిచి చూపించి ఉంటే ఆ మాటకు అర్థం ఉంటుంది. లేకపోతే రోడ్డు మధ్యలో ఆగిపోయే పిల్లలూ ఉన్నారు, ఎందుకంటే మీరు 'అక్కడే' అన్నారు.

చేరే చోటు చుట్టూ ఎంత పరిధి అన్నది చిన్న సెట్టింగే, మూడు ఎంపికలుంటాయి: చిన్నది, మధ్యది, పెద్దది. దీని మీద ఒక్క నిమిషం ఆలోచించండి. బస్సు దిగాక పెద్ద రోడ్డు దాటాల్సి ఉంటే, పెద్ద పరిధి పెట్టినప్పుడు బస్సులో ఉండగానే 'చేరారు' అని వచ్చేస్తుంది. అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన రోడ్డు కాపలా లేకుండా మిగిలిపోతుంది. అలాంటిచోట చిన్నదే పెట్టాలి. పెద్ద ఆసుపత్రి, కాలేజీ ప్రాంగణం లాంటివాటికి చిన్న పరిధి పెడితే లోపలికెళ్లి కూర్చున్నా చేరినట్టు లెక్కకురాకపోవచ్చు, అక్కడ పెద్దది నయం.

తిరుగు ప్రయాణానికి మళ్లీ కొత్తగా పంపాలి. వెళ్లేటప్పుడు గుర్తుచేయడానికి ఇంట్లో ఎవరో ఒకరుంటారు, వచ్చేటప్పుడు ఉండరు. పని మొదలుపెట్టడమే కష్టమైన పిల్లలు ఇక్కడే మర్చిపోతారు. ఐఫోన్ రిమైండర్స్‌లో ఒక చోటు వదిలి బయల్దేరినప్పుడు గుర్తుచేసే ఏర్పాటు ఉంది, దాన్ని జతచేయండి. కొంచెం దూరం నడిచాక గానీ అది రాదు, అప్పుడు ఓ పక్కన ఆగి పంపాలని కూడా నేర్పండి. నడుస్తూ పంపడం వద్దు.

పంచుకునే వివరాలు రెండు రకాలు. లిమిటెడ్‌లో ఇప్పుడున్న చోటు, బ్యాటరీ, సిగ్నల్ ఉంటాయి. ఫుల్‌లో వచ్చిన దారి, ఫోన్ చివరిసారి అన్‌లాక్ చేసిన చోటు, వాచీ ఉంటే అది తీసిన చోటు కూడా ఉంటాయి. రెండూ అలర్ట్ అయితేనే కనిపిస్తాయి. మొదట ఫుల్ పెట్టి, దారి బాగా అలవాటయ్యాక లిమిటెడ్‌కు మారండి. ఆ మార్పు పిల్లల ముందే, వాళ్లచేతే చేయించండి. ఏ వివరం ఎవరికి కనబడుతుందో వాళ్లకు తెలియాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: చెక్ ఇన్ పంపాల్సింది ఈ ఇద్దరికే అని పేర్లతో నియమం పెట్టండి. స్నేహం పేరుతో ఎవరేం అడిగినా చేసేసే పిల్లలను వాడుకునేవాళ్లుంటారు. 'నాకూ పంపు' అని ఎవరడిగినా 'అమ్మను అడిగి చెప్తాను' అనే జవాబు కంఠతా రావాలి.

ఐఫోన్లు లేని ఇళ్లకు మా సూచన వాట్సాప్ లైవ్ లొకేషన్. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులే ఉంటాయి, అవి దాటగానే దానంతటదే ఆగిపోతుంది. మొదలుపెట్టేది పిల్లలే, మెట్లు కూడా తక్కువ. లోపం ఏమిటంటే ఆలస్యమైనా అది ఎవరినీ లేపదు, మీరే చూస్తూ ఉండాలి. గూగుల్ మ్యాప్స్ షేరింగ్‌లో బ్యాటరీ శాతం కూడా కనిపించడం ఒక సౌకర్యం. అయితే 'ఆపేదాకా' అనే ఎంపిక పెట్టేస్తే మళ్లీ మొదటి సమస్యకే వచ్చాం. ఎప్పుడూ గడువు పెట్టే పంపమనండి.

ఎన్నాళ్లు వాడాలి? ఒకే దారిలో అలర్ట్ లేకుండా వరుసగా పది ప్రయాణాలు జరిగితే ఆ దారికి చెక్ ఇన్ మానేసి, చేరాక ఒక్క మెసేజ్ చాలనండి. కొత్త దారి, చీకటి పడ్డాక ప్రయాణం, ఒంట్లో బాగోలేని రోజు: వీటికి మళ్లీ చెక్ ఇన్. పది అన్నది మా లెక్క, మీ పిల్లలకు ఆరో పదిహేనో కావచ్చు. కానీ అంకె ముందే చెప్పాలి, గోడ మీద గళ్లు గీసి నింపాలి. ఎప్పుడు ఆగుతుందో తెలియని కాపలాను ఏ టీనేజీ పిల్లలూ ఒప్పుకోరు.

పిల్లలు దీన్ని మొదటినుంచీ వద్దంటుంటే ఒక పద్ధతి ఉంది. రెండు వారాల పాటు మీరే వాళ్లకు పంపండి. అమ్మ బయటికెళ్తూ పిల్లల చాట్‌లో చెక్ ఇన్ పంపుతుంది, చేరగానే వాళ్ల ఫోన్‌లో తెలుస్తుంది. ఒకరోజు అమ్మ కావాలనే ఆలస్యం చేసి, ఫోన్ అడిగినప్పుడు జవాబు ఇవ్వకుండా వదిలేయాలి. ఇది పరీక్ష అని ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే వాళ్లు నిజంగానే బెదిరిపోతారు. అలర్ట్ వచ్చాక బ్యాటరీ చూడటం, చోటు చూడటం, '1, 2, 3' మెసేజ్ పంపడం ఆ రోజు పిల్లల పని. అమ్మ '1' అని పంపాలి.